పాల గదిలో ఏడుపు పరీక్ష

మా ఫ్యాక్టరీలో ఏడవని బొమ్మకు విలువ లేదు. నవ్వే బొమ్మలు, పాడే బొమ్మలు ఇంకెక్కడో తయారవుతాయి. మావి ఏడుస్తాయి. పొట్ట నొక్కితే చాలు, ఆకలేసిన పసిబిడ్డలా గుక్కపట్టి ఏడ్చి, నోట్లో బుల్లి సీసా పెట్టగానే ఊరుకుంటాయి. పిల్లలకు వాటిని ఎత్తుకుని ఊరడించడం మహా సరదా అట. పొద్దస్తమానం వాటి మధ్యే పనిచేసే మమ్మల్ని ఊరడించేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

నాది జుట్టు సెక్షను. బోడిగుండు బొమ్మ నా బల్ల మీదికి వస్తుంది. సూదితో కుచ్చులు కుచ్చులుగా జుట్టు కుట్టి, పాపిట తీసి పంపిస్తాను. అందుకే అందరూ నన్ను సూదక్క అంటారు. నా నోరు కూడా సూదిలాంటిదే కాబట్టి ఆ పేరు పెట్టారని కొందరంటారు. రెండూ నిజమే. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతో వచ్చింది, దాన్ని నేనెప్పుడూ దాచుకోలేదు.

హాలు చివర, గోడలకు మెత్తలు అంటించిన చిన్న గదిలో ఏడుపు పరీక్ష జరుగుతుంది. ఆ పని చేసే అమ్మాయి బొమ్మను ఒళ్ళో పడుకోబెట్టుకుని, పొట్ట నొక్కి, తల కాస్త పక్కకు వంచి వింటుంది. బాగుంటే పచ్చ బుట్టలోకి, బాగా లేకపోతే ఎర్ర బుట్టలోకి. మాకు ఒకేలా వినిపించే రెండు ఏడుపుల్లో ఒకదాన్ని తీసి, దీని గొంతులో ఏదో ఉందంటుంది. విప్పి చూస్తే నిజంగానే లోపల ఒక దారప్పోగు ఇరుక్కుని ఉంటుంది. ఆ పాము చెవులు చూసే మేమందరం ఆమెను పాముచెవి అని పిలుస్తాం. పిలిచినప్పుడల్లా బిరుదు ఇచ్చినంత సంబరంగా పలుకుతుంది. ఆ పని అంటే ఆమెకు అంత గర్వం.

పాముచెవికి కొడుకు పుట్టాడు. సెలవు అయిపోయాక తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చుని, మొదటి బొమ్మ పొట్ట నొక్కింది. బొమ్మ ఏడ్చింది. ఇక్కడ ఈమె జాకెట్టు తడిసిపోయింది. రెండో బొమ్మకు పైనున్న ఏప్రన్ కూడా తడిసింది. సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు లోపలికి తొంగిచూశాడు. పాపం అతను వెంటనే తల తిప్పుకున్నాడు కానీ, అప్పటికే ఆమె పరుగెత్తి వెళ్ళి బాత్రూంలో గడియ పెట్టుకుంది. నేను వెళ్ళి తలుపు బాది బయటికి రప్పించాను. బొమ్మకీ బిడ్డకీ తేడా తెలియని ఒళ్ళు నాదని ఆమె ఏడుపు. తల్లి ఒంటికి ఆ తేడా ఎందుకు తెలియాలని నేను కసిరాను. నాకు ఓదార్చడం రాదు, కసరడమే వచ్చు.

ఆ తరువాత మేమంతా కలిసి ఆమెకు ఒక పెద్ద ఉపకారం చేశాం. మేమంటే నేను, కళ్ళ పిన్ని, క్యాంటీన్ వదిన. కళ్ళ పిన్ని బొమ్మలకు కనురెప్పలు గీస్తుంది, మా అందరికన్నా పెద్దావిడ, మాట కూడా గీత గీసినట్టు ఆచితూచి మాట్లాడుతుంది. క్యాంటీన్ వదిన వంట చేస్తుంది, ఇంట్లో తన రెండో కూతురు ఇంకా పాలు తాగుతోంది. ముగ్గురం సూపర్‌వైజరు మీదికి దండెత్తి, ఈ పిల్లను బొమ్మల ఏడుపులకు దూరంగా ప్యాకింగ్‌కు మార్చమని పోట్లాడాం. ప్యాకింగ్ షెడ్డు ఆవరణకు ఆ చివర ఉంటుంది. అక్కడ అట్టపెట్టెల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. అతను సరేనన్నాడు. మేం కోట జయించినట్టు తిరిగొచ్చాం.

ఇక పాల గది గురించి చెప్పాలి. ఒకప్పుడు అది విరిగిన కుర్చీల గది. పిల్లతల్లులు బాత్రూంలో నిలబడి పాలు పిండి పారబోసుకోవడం చూడలేక, ఆ గది మాకిమ్మని అడిగాం. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మేనేజరు ఎందుకు పెడతాడు? అడిగి, మళ్ళీ అడిగి, ఆయన కనబడితే చాలు అడిగి, చివరికి సాధించాం. ఇప్పుడక్కడ దిండ్లు వేసిన రెండు కుర్చీలు, వాటికి అడ్డంగా తెర, చేతులు కడుక్కునే సింకు, చిన్న ఫ్రిజ్జు ఉన్నాయి. తల్లులు విరామంలో వచ్చి పంపుతో పాలు తీసి సీసాలో దాచుకుని, సాయంత్రం ఇంటికి తీసుకెళ్తారు. మరుసటి రోజు బిడ్డకు అవే తిండి. శనివారం ఒంటిపూట పని అయ్యాక అందరం అక్కడే కూర్చుంటాం. ఫ్యాక్టరీ నర్సమ్మ కూడా వస్తుంది. బిడ్డను ఎలా పట్టుకోవాలి, పాలు గడ్డకడితే ఏం చేయాలి, ఇంట్లోవాళ్ళు తలా ఒకటి చెబితే ఎవరి మాట వినాలి, ఇవన్నీ మాట్లాడుకుంటాం. మొగుళ్ళు కూడా రావచ్చు, నోరు మూసుకుని కూర్చుంటే.

ప్యాకింగ్‌కు మారిన పాముచెవి రోజూ వచ్చి తెర వెనక కూర్చునేది. పంపు గురగుర తిరిగేది. సీసా అడుగు మాత్రం సరిగ్గా తడిసేది కాదు.

చూసినవాళ్ళందరూ సలహాలు ఇచ్చారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్న మాట నేను ఆ వారంలో ఎన్నిసార్లు అన్నానో. ఒకరు వేడినీళ్ళు తాగమన్నారు. ఒకరు వీపు నిమిరారు. ఒకరు బిడ్డ ఫోటో ఎదురుగా పెట్టారు. నర్సమ్మ నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పింది: పాలుండటం వేరు, అవి చేపి బయటికి రావడం వేరు. రాత్రిళ్ళు బిడ్డ కడుపునిండా తాగి పడుకుంటున్నాడంటే పాలకు లోటు లేదు. ఇక్కడ చేపు రావడం లేదు, అంతే. మనసు కుదుటపడితే వస్తుంది. బిడ్డ ఏడుపు ఫోనులో రికార్డు చేసి తెచ్చి వినమంది. పాముచెవి తెచ్చింది. కొడుకు గొంతు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడింది, ఇంటికి పోతానని ఏడ్చింది. వచ్చే నాలుగు చుక్కలూ ఆగిపోయాయి. ఏడుపు మంత్రం పనికిరాదని అప్పుడే తేల్చేశాం.

ఇంట్లో బిడ్డను చూసుకునేది అత్తగారు. జీవితమంతా పసిపిల్లల బడిలో ఆయాగా పనిచేసి మానేసిన మనిషి. కోడలు తెచ్చే సీసా ఒక గుటకకు సరిపోతే, ఆ తరువాత రోజంతా ఆకలి బిడ్డను ఎత్తుకుని తిరిగేది ఆవిడే. పాలపొడి డబ్బా కొని అలమరలో పెట్టింది. ఇంకా మూత తీయలేదు. ఆదివారం దాకా చూస్తానని, ఆ తరువాత తీస్తానని చెప్పింది. ఇది వినగానే నాకు కోపం నషాళానికి అంటింది. కానీ చంకలో ఆకలేసిన పిల్లాడిని పెట్టుకుని తిరిగి చూస్తే తెలుస్తుంది కదా. ఆవిడ తప్పేమీ లేదని నాక్కూడా ఒప్పుకోక తప్పలేదు.

డబ్బా పాలు విషమని మా గదిలో ఎవరూ అనరు. అన్నవాళ్ళను నేనే బయటికి పంపుతాను. అవసరమున్న తల్లి సిగ్గుపడకుండా పట్టొచ్చు. కానీ ఈ పిల్లకు పాలున్నాయి, ఇవ్వాలని ఉంది. ఒకరోజు పంపు విప్పి కడుగుతూ నాతో అంది:

"నాకు ఇంకొన్నాళ్ళు వాడికి నేనే ఇవ్వాలని ఉంది సూదక్కా. ఎవరో చెప్పారని కాదు. నాకే ఉంది."

కడిగిన పంపు ముక్కలు అందుకుని ఒక్కొక్కటే తుడిచి పెట్టాను.

గురువారం విరామంలో నేను పాల గదికి ఒక బొమ్మను తీసుకెళ్ళాను. పాముచెవి తెర వెనక ఉంది, కళ్ళ పిన్ని, క్యాంటీన్ వదిన ఇవతల కూర్చున్నారు. పాపిట వంకరగా కుట్టిన ఘనత నాదే. ఎర్ర బుట్టలోకి పోవాల్సిన సరుకే అయినా, నా చేతి పని రిజెక్టు కావడం నాకు పడదు. కుచ్చులు విప్పి మళ్ళీ కుడుతుంటే సూది మెడలోకి దిగింది. లోపల దేనికి తగిలిందో, బొమ్మ ఒక్కసారిగా గుక్కపట్టింది. పొట్ట నొక్కాను, ఆగలేదు. నోట్లో సీసా పెట్టాను, ఆగలేదు. తలకిందులు చేసి ఊపాను, ఇంకా పెద్దగా ఏడ్చింది. చెవిలో జోరీగలా ఏమిటీ గోల, విసిరి అవతల పారెయ్యమని క్యాంటీన్ వదిన అరిచింది. నేను దాన్ని నా ఏప్రన్‌లో చుట్టబోతుంటే తెర వెనక నుంచి సన్నగా వినిపించింది.

"ఆపకక్కా. ఇంకాసేపు ఏడవనీ."

చేతులు అక్కడే ఆగిపోయాయి. పంపు గురగుర మధ్య ఇంకో చప్పుడు, సీసాలోకి సన్నని ధార పడుతున్న చప్పుడు. వదిన తెర తొలగించి చూసి ముక్కున వేలేసుకుంది. మరుక్షణం తన గుండెల మీద చెయ్యి పెట్టుకుని, నాకు కూడా వచ్చేస్తున్నాయంటూ తన పంపు అందుకుని రెండో కుర్చీలో కూలబడింది. బొమ్మ ఏడుస్తోంది, రెండు పంపులూ తిరుగుతున్నాయి, నేను వంకర పాపిట బొమ్మను నడిగదిలో ఎత్తుకుని నిలబడ్డాను. ఆ సంతోషంలో దాని జుట్టుకు ముద్దుపెట్టానని వదిన ఇప్పటికీ చెబుతుంది. అది అబద్ధం. పెట్టింది నుదుటి మీద.

సొంత బిడ్డ ఏడిస్తే రానిది బొమ్మ ఏడిస్తే ఎలా వచ్చిందని అడిగాను. పాముచెవి సీసా మూత బిగిస్తూ చెప్పింది.

"వాడు ఏడిస్తే గుండె జారిపోతుందక్కా. బొమ్మ ఏడిస్తే నా కుర్చీలో నేను కూర్చున్నట్టు ఉంటుంది."

కళ్ళ పిన్ని, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మొదటి రోజే ఆమె ఒళ్ళు ఈ సంగతి అందరికీ వినబడేలా చెప్పింది. మేం ఆ చోటి నుంచే ఆమెను లాగి, అట్టపెట్టెల మధ్య పడేసి, పాలు రావేంటని వారమంతా వేడినీళ్ళు తాగించాం. ఫ్యాక్టరీ అంతా ఏడుపు బొమ్మలున్న చోట, పిల్లతల్లికి ప్రశాంతత కావాలని ఏడుపు లేని మూల వెతికిపెట్టిన తెలివి మాది.

శుక్రవారం ఉదయం పాముచెవి ముఖం మళ్ళీ వాడిపోయి ఉంది. నిండు సీసా చూసి అత్తగారు సంతోషిస్తుందనుకుంటే, అనుమానపడిందట. నిన్నటిదాకా అడుగు తడవని సీసా ఇవాళ నిండిందంటే ఇవి ఎవరి పాలని అడిగిందట. ఎవరో జాలిపడి తమ పాలు పోసి ఉంటారని ఆవిడ అనుమానం. బొమ్మ సంగతి చెబితే, బొమ్మ ఏడిస్తే పాలు రావడమేమిటి, నా చెవిలో పూలు పెడుతున్నావా అందట. శనివారం తానే వచ్చి కళ్ళారా చూస్తానంది.

వచ్చింది. సన్నగా, నిటారుగా ఉన్న మనిషి. బిడ్డను తండ్రికి అప్పగించి వచ్చింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వరసగా పెట్టి, పక్కనున్న మా చెప్పులు కూడా సర్దింది. బడి ఆయా అలవాటు. భుజాన పెద్ద సంచి, అందులోంచి పాల డబ్బా అంచు కనబడుతోంది. కోపంగా లేదు, అలసిపోయి ఉంది. ఇవాళ ఏదో ఒకటి తేలిపోవాలని నాతో మెల్లగా చెప్పి తెర పక్కన కూర్చుంది.

పాముచెవి లోపల పంపు పెట్టుకుంది. నేను మా వంకర పాపిట మహారాణిని బల్ల మీద నిలబెట్టి, ఈ రెండు రోజులూ దాన్ని ఏడిపించడానికీ ఆపడానికీ పనికొచ్చిన మెడ దగ్గరే సూదితో పొడిచాను. బొమ్మ ఒక మూలుగు మూలిగింది. ఆ మూలుగు సాగి సాగి, బొంగురుపోయి, ఆగిపోయింది. మళ్ళీ పొడిచాను. పొట్ట నొక్కాను. చడీచప్పుడు లేదు. రెండు రోజులుగా విశ్రాంతి లేకుండా ఏడిపిస్తే ఏ బొమ్మ మాత్రం ఏం చేస్తుంది? మంచి బొమ్మలన్నీ పరీక్ష గదిలో ఉన్నాయి. ఆ గదికి తాళం వేసి సూపర్‌వైజరు ఎప్పుడో ఇంటికి పోయాడు.

గదిలో పంపు గురగుర ఒక్కటే మిగిలింది. తెర అడుగున పాముచెవి పాదాలు ఒకదాన్నొకటి నొక్కుకోవడం నాకు కనిపిస్తోంది. సీసాలో చుక్క పడటం లేదని చూడకుండానే తెలుస్తోంది. ఆ పిల్ల అబద్ధమాడిందని రుజువైపోయినట్టే ఉంది. అత్తగారు ఎగతాళి చేసి ఉంటే నేను నా నోటికి పని చెప్పేదాన్ని. ఆవిడ అలా చేయలేదు.

"పోనీలేమ్మా. నిన్ను నువ్వు ఇంత హింసపెట్టుకోకు," అని సంచిలోకి చెయ్యి పెట్టింది.

అంత మెత్తగా అనడం వల్ల నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

అప్పుడు కళ్ళ పిన్ని కళ్ళు మూసుకుని కేర్‌మంది.

ఆచితూచి మాట్లాడే కళ్ళ పిన్ని. నవ్వినా నోటికి చెయ్యి అడ్డుపెట్టుకునే కళ్ళ పిన్ని. చేతులు ఒళ్ళో బుద్ధిగా పెట్టుకుని, మెడ నరాలు ఉబ్బేలా పసిపిల్లలా ఏడ్చింది. మేమందరం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. తెర వెనక నుంచి పాముచెవి గొంతు, అచ్చం తన గదిలో ఉన్నప్పటి గొంతు:

"పిన్నిది బొంగురు. రిజెక్టు."

ఇక నేను ఊరుకుంటానా? గట్టిగా ఊపిరి పీల్చి నేనూ అందుకున్నాను. అందులో కోపం ఎక్కువ, ఆకలి తక్కువ అని నన్నూ ఎర్ర బుట్టలో పడేసింది. క్యాంటీన్ వదిన గొంతు చీరుకున్నంత పని చేసింది. అది దెబ్బ తగిలిన ఏడుపు, పాలు కాదు పట్టీ కావాలని తీర్పు వచ్చింది. నర్సమ్మ ప్రయత్నిస్తే దగ్గులా ఉందట, ముందు తన మందు తాను వేసుకోమంది. పిన్ని నవ్వలేక పొట్ట పట్టుకుంది. వదిన గోడకు ఆనుకుని జారి నేల మీద కూర్చుంది. తెర వెనక కుర్చీ కదిలేంతగా పాముచెవి నవ్వుతోంది. ఆ గోలకు వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, తలుపు తీసి, మమ్మల్ని చూసి, మాట్లాడకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. పరీక్షలో తప్పులు రాసిన పిల్లలను చూసినట్టు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. తల అడ్డంగా ఊపింది. సంచి తీసి నేల మీద పెట్టింది.

"ఆకలి ఏడుపు అలా ఉండదమ్మా," అంది.

ఉన్నట్టుండి ఆవిడ గొంతులోంచి చిన్న గునుపు వచ్చింది. ఆగింది. పెదవులు చప్పరించింది. మళ్ళీ గునిసింది, ఈసారి కొంచెం పెద్దగా, ఇంకా ఎవరూ రాలేదేమని అడిగినట్టు. ఊపిరి బిగబట్టింది. ఆ తరువాత ఏడుపు మెల్లగా మొదలై పైపైకి లేచింది. ఎన్నేళ్ళ పిల్లలో, ఎన్ని వందల ఆకళ్ళో ఆవిడకు కంఠతా వచ్చు. నా పిల్లలు పెద్దవాళ్ళయి ఎన్నేళ్ళయిందో, నా చేతులు వాటంతటవే ఎవరినో ఎత్తుకోబోయినట్టు ముందుకొచ్చాయి. వదిన మళ్ళీ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

ఆవిడ ఆపాక గదిలో ఎవరం కదల్లేదు. తెర వెనక నుంచి తీర్పు వచ్చింది.

"అత్తయ్యది పాస్."

ఆ వెంటనే ఆ చప్పుడు మా అందరికీ వినబడింది. సీసాలోకి ధార. ఒకటి కాదు, ఆగకుండా. అత్తగారు లేచి, తెర కొద్దిగా తొలగించి చూసింది. చూస్తూ నిలబడిపోయింది. కోడలు ఏడుస్తూ నవ్వుతోంది. ఆవిడ తన కొంగు కాదు, కోడలి ఏప్రన్ అంచు తీసుకుని ముందు ఆ పిల్ల ముఖం, తరువాత తన ముఖం తుడుచుకుంది.

నవ్వు నాలుగు విధాల చేటని చిన్నప్పుడు నేర్పారు. ఐదో విధం ఒకటుందని, దానితో సీసా నిండుతుందని ఎవరూ చెప్పలేదు. నర్సమ్మ ఆ రోజు ఇంకేమీ పాఠం చెప్పలేదు. చెప్పాల్సిన పాఠం అయిపోయిందంది.

వెళ్ళేముందు అత్తగారు సంచిలోంచి మూత తీయని డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. దీన్ని ఈ గదిలోనే ఉంచమని, నిజంగా అవసరపడిన తల్లి ఎవరైనా వస్తే మాట అనకుండా ఇవ్వమని చెప్పింది. ఫ్రిజ్జు పక్కన ఉంచాను. నిండు సీసాను ఆవిడే తువ్వాలులో చుట్టుకుని, ఎవరి పాలో ఇప్పుడు తెలిసిన దానిలా గుండెకు హత్తుకుని పట్టుకెళ్ళింది.

సోమవారం పాముచెవి తానే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, నా కుర్చీ నాకిచ్చేయండని అడిగింది. ఈసారి మమ్మల్ని ఎవరినీ తోడు రమ్మనలేదు. జాకెట్టులో మెత్తటి గుడ్డ మడతలు పెట్టుకుని, మెడలో మేం అప్పగించిన పాల గది తాళంచెవి వేసుకుని, మెత్తల గోడల మధ్య కూర్చుంది. నేను చూడటానికే వచ్చానని తెలియకుండా ఒక బొమ్మను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మొదటి బొమ్మ పొట్ట నొక్కింది. బొమ్మ ఏడ్చింది. నా చెవికి బ్రహ్మాండంగా ఏడ్చింది. పాముచెవి తల పక్కకు వంచి చివరిదాకా వింది, పెదవి విరిచింది, తీసి ఎర్ర బుట్టలో పడేసింది.

ఏమైందని అడిగాను.

అత్తయ్య ఏడ్చినట్టు లేదంది.